నల్లలక్క ముద్ర

నమోదు 611

పొద్దున గోడ మీంచి బోర్డు దించారు. దాని మీది నెత్తురు తడిబట్టతో తుడిచాను, ఎవరిదని అడగలేదు. అలవాటు ప్రకారం ఉప్పుచెమ్మ పోవడానికి పొయ్యి గూట్లో గంటసేపు ఆరబెట్టి, ఆ తర్వాతే బెంచి మీదికి తెచ్చాను. మీటర్ పెట్టి చూశాను. లోపలికి అయిదు వోల్టులు వెళ్తున్నాయి. బయటికి మూడు పాయింట్ మూడు వస్తున్నాయి. సరిగ్గా ఎంత రావాలో అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. బాగున్న బోర్డు గోడ మీద ఎందుకు చచ్చింది?

అంతకు ముందు, తెల్లవారుజాము మంచులో దోపిడీ పడవదండు వచ్చింది. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే మా యంత్రం కోసం వాళ్ళు ఎప్పుడూ మంచులోనే వస్తారు. ఓడ అంచు గోడ మీది తుపాకి తనంతట తానే పడవను చూసి, గురి పెట్టి, పేలుతుంది. మొదటి మోతకి ఒక పడవ చీలింది. రెండో మోతకి ఇంకొకటి. మూడో మోత మొదలై గుటుక్కుమని ఆగిపోయింది. మిగిలిన మూడు పడవలూ మన ఓడ పక్కకి చేరాయి. కొంకీతాళ్ళు విసిరి పైకెక్కారు. కత్తులతో, గొడ్డళ్ళతో, చివరికి వంటింటి రోకలితో కూడా కొట్టుకున్నాం. మనవాళ్ళు ఏడుగురు పోయారు. అందులో ఒకామె కడుపుతో ఉంది.

తుపాకికి మెదడు ఈ బోర్డే. పాతకాలంవాళ్ళు కొత్త చిప్‌లు ఎలా పనిచేస్తాయో చూసుకోడానికి చేసుకున్న ఎవాల్యుయేషన్ బోర్డు. ‘పరీక్షకు మాత్రమే, వాడకానికి కాదు’ అని మూల మీద తెల్లగా అచ్చేసి ఉంటుంది. అది రాసినవాడు ఇప్పుడు ఇక్కడుంటే రెండు లెంపకాయలు కొట్టి, మరి మేం దేన్ని వాడాలిరా అని అడిగేదాన్ని. పాత ఓడలు కలిపి కట్టుకుని మేం బతుకుతున్న ఈ గట్టంతటికీ ఇలాంటి బోర్డు ఇదొక్కటే ఉంది.

దీనిలో ముందు చెడేది రెగ్యులేటర్. మూడుకాళ్ళ నల్ల పురుగులా ఉంటుంది. అయిదు వోల్టులు మింగి, మెదడుకి మూడు పాయింట్ మూడే అందిస్తుంది. ఎంత అందించాలో దానికి చెప్పేవి పక్కనున్న రెండు చిన్న రెసిస్టర్లు. రెండు పాయింట్ ఏడు కన్నా తగ్గితే మెదడు సొమ్మసిల్లుతుంది, తుపాకి చస్తుంది. మొన్న ఈ రెగ్యులేటర్ మార్చినవాడు పోలినాయుడు. నేను నేర్పినవాడే. దాని మీద వాడి బొటనవేలి ముద్ర ఉంది, నల్లగా, గీత గీతా కనబడుతూ.

టంకం పెట్టినవాళ్ళు పెట్టిన చోట లక్క వేసి, వేడిగా ఉండగానే వేలిముద్ర ఒత్తాలి. ఆ పనికి ఆ చెయ్యి పూచీ. బోర్డు చెడి మనుషులు పోతే ఆ చెయ్యి పోతుంది. ఇది మా తాతల నాటి కట్టు. ఆ నలుపు మాత్రం నా తెలివే. ఒట్టి లక్కలో గీతలు కనబడక, ముద్ర నాది కాదంటే నాది కాదని జనం బొంకేవాళ్ళు. రెండేళ్ళ కిందట పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి నల్లపొడి లక్కలో కలిపాను. అప్పట్నుంచి బొంకడానికి ఎవరికీ వీల్లేకపోయింది. గట్టు పెద్ద జగ్గప్ప నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు కూడా.

పోలినాయుణ్ణి ఓడ అడుగు గదిలో పడేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం దిమ్మ మీద చెయ్యి నరుకుతారు. మణికట్టు కదలకుండా పట్టుకోవలసింది బెంచి పెద్ద, అంటే నేను. నల్లలక్క వచ్చిన ఏడే ముసలి సింహాద్రిది పట్టుకున్నాను, ఆయన నెత్తురు ఆగక మర్నాడే పోయాడు. పోయినేడు నా చెల్లి పైడితల్లిది పట్టుకున్నాను. అదిప్పుడు నా బెంచికి కరెంటు కోసం సైకిలు తొక్కుతుంది. నాతో మాట్లాడి పదకొండు నెలలైంది.

నమోదు 612

రోజంతా బోర్డుతో కుస్తీ పట్టాను. తుపాకి లాగినంత కరెంటు లాగడానికి రెండు బల్బులు కట్టాను. వోల్టు తగ్గలేదు. రెగ్యులేటర్ మీద వేలు పెట్టి చూశాను, వెచ్చగా ఉందే తప్ప కాలడం లేదు. తుపాకి దెబ్బకి అదురుతుంది కదా అని బోర్డుని బల్ల మీద పెట్టి సుత్తితో పక్కన దబదబా బాదాను. అయినా మూడు పాయింట్ మూడే. టంకం ప్రతి చుక్కా అద్దం పెట్టి చూశాను. పోలినాయుడి పని ముత్యాల్లా ఉంది. అది చూస్తే మరింత కోపం వచ్చింది. ఇంత బాగా చేసినవాడు చెడగొట్టాడంటే కావాలనే చెడగొట్టి ఉండాలి.

పైడితల్లి సైకిలు తొక్కుతూ గోడ కేసే చూస్తూ కూర్చుంది. మొండి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఇదివరకు దాని కేసులోనూ అచ్చం ఇలాగే అయింది. గోడ మీద చచ్చిన బోర్డు బెంచి మీదికొచ్చి బతికింది. అప్పుడూ నేను ఇదే మాట అన్నాను, కావాలనే చేసిందని. నా నోటితోనే అన్నాను.

సాయంత్రం పోలినాయుడి దగ్గరికి వెళ్ళాను. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముందు పళ్ళు రెండు లేవు. ఏడుగురి చుట్టాలూ వంతులేసుకుని వచ్చి కొడుతున్నారట. పడవదండుకి ఎంతకి అమ్ముడుపోయావు, ఇప్పుడైనా చెప్పు, చెయ్యి పోయినా ప్రాణం నిలబెడతాను అన్నాను. వాడు నవ్వాడు. నవ్వితే పెదవి చిట్లి నెత్తురు కారింది.

“అప్పా, బోర్డు సచ్చింది గోడ మీద. నువ్వేటో బెంచి మీద ఎతుకుతున్నావు. ఎండబెట్టకుండా, ఆ గోడ మీదే, మంచులోనే కొలిసి సూడు.”

అక్కలా చూసి అప్పా అని పిలిచే నోటితో ఆ మాట అనేసరికి నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. తడి బోర్డుకి కరెంటిచ్చి మీటర్ పెడితే ఉన్న ఒక్కటీ కాలిపోతుందని, ముందు ఆరబెట్టడం నా ముత్తాత నాటి పద్ధతని, నాకే పాఠాలు చెప్పేంత మొనగాడివయ్యావా అని తిట్టిపోశాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని పడుకున్నాడు.

నమోదు 613

పొద్దున్నే పోలినాయుడి ముద్ర సారాతో తుడిచేసి, కొత్త రెగ్యులేటర్ నేనే పెట్టాను. మిగిలినవి ఇంక మూడే. లక్క గిన్నె పొయ్యి మీద పెట్టానో లేదో శంఖం మోగింది. పడవలు వచ్చేశాయి. లక్క కరగలేదు. ముద్ర లేకుండా బోర్డు గోడ ఎక్కకూడదు. కానీ కట్టు చూసుకుంటూ కూర్చుంటే పీకలు తెగుతాయి. బోర్డు పట్టుకుని పరిగెత్తాను.

గోడ కాపలా గవరయ్య తుపాకి కిందున్న బోర్డు పెట్టె మూత తీసి పట్టుకున్నాడు. ఎంత చావులోనైనా వేళాకోళం ఆడకపోతే వాడికి తోచదు. “ఏటప్పా, ఈ పాలికైనా నీ తుపాకి మూడో మోతకి నిద్దరోదు కదా?” అన్నాడు. నోరుమూసుకుని పెట్టె పట్టుకోమన్నాను.

తుపాకి నిద్రపోలేదు. నలభై మోతలు లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. మంచు ఎంత చిక్కగా ఉందంటే నా చెయ్యి నాకు కనబడలేదు. తుపాకికి మాత్రం అన్నీ కనబడ్డాయి. పడవలు ముక్కలవడం వినబడింది. తర్వాత నీళ్ళలో మనుషుల అరుపులు. అవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. మంచు విడిచాక చూస్తే నీళ్ళు కుంకం కలిపినట్టు ఉన్నాయి. చేతులూ కాళ్ళూ వేరువేరుగా తేలుతున్నాయి. ఒకడు ఇంకా చెక్క పట్టుకుని ఈదుతుంటే మనవాళ్ళు గెడకర్రలతో తల మీద కొట్టి ముంచారు. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఇంకా గట్టిగా కొట్టమని అరిచాను. వాళ్ళు మనల్ని రోకళ్ళు పట్టించి ఇంకా మూడు రోజులైనా కాలేదు.

గట్టంతా పండగ చేసుకుంది. దాంతోపాటు పోలినాయుడి మెడకి ఉచ్చు ఇంకా బిగిసింది. వాడు అడుగు గదిలో ఉన్నప్పుడు తుపాకి పనిచేసింది కదా, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నారు. ఒక చెయ్యి సరిపోదు, రెండూ తియ్యాలన్నారు. జగ్గప్ప సరేనన్నాడు. నేనూ తల ఊపాను.

మధ్యాహ్నం లక్క కరిగించి, ఆలస్యంగానైనా నా పని మీద నా ముద్ర ఒత్తాను. రెగ్యులేటర్ మీద, పక్కనున్న రెండు చిన్న రెసిస్టర్ల మీద, నల్లగా నిగనిగలాడుతూ కూర్చుంది. అది చూసుకుని మురిసిపోయాను. సిగ్గులేదు నాకు.

నమోదు 614

వరసగా రెండో రోజు రారనుకున్నాం. వచ్చారు, పగ తీర్చుకోడానికి, ఉన్న పడవలన్నీ వేసుకుని.

మూడో మోతకి తుపాకి ఆగిపోయింది.

నేను గోడ మీదే ఉన్నాను. పెట్టెలో ఉన్నది నా బోర్డు, నా టంకం, నా ముద్ర. పోలినాయుడు మూడు అంతస్తుల కింద ఇనప తలుపు వెనక ఉన్నాడు. వాడు మంత్రం వేశాడని అనుకోడానికి నాకు మతి పోలేదు.

కొంకీలు గోడ మీద టంగుమంటూ పడ్డాయి. గవరయ్య ఒక తాడు నరికాడు, రెండోది నరికాడు. మూడో తాడు మీంచి వచ్చినవాడు వాడి పొట్టలో బల్లెం దింపాడు. గవరయ్య ఆ బల్లేన్ని రెండు చేతులా పట్టుకుని, అవతలివాణ్ణి దాంతోనే వెనక్కి తోసి గోడ మీంచి పడేశాడు. తర్వాత పెట్టెకి వీపు ఆనించి కూలబడ్డాడు. “తొందరగా సూసుకో అప్పా, నానింక లెగలేను,” అన్నాడు. అప్పుడు మాత్రం వేళాకోళం లేదు.

పెట్టె తెరిచాను. ఆరబెట్టలేదు. అలాగే, తడిగా ఉన్నట్టే, మీటర్ పెట్టాను. లోపలికి అయిదు వోల్టులు వెళ్తున్నాయి. బయటికి వచ్చేది రెండు పాయింట్ నాలుగు. చూస్తుండగానే రెండు పాయింట్ మూడయింది. బోర్డంతా చూశాను. మంచు పడ్డా మిగతా అంతా మామూలుగానే ఉంది. నా ముద్ర ఒక్కటే చెమట పట్టింది. నల్లటి గీతల మధ్య నీటి చుక్కలు మెరుస్తున్నాయి.

నల్లపొడి. బ్యాటరీలో అది ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అందులో ఉప్పుంటుంది, గాలిలో నీళ్ళు తాగుతుంది, తడిస్తే కరెంటు పారిస్తుంది. బ్యాటరీలు పగలగొట్టే నాకు ఈ సంగతి తెలీదా? తెలుసు. దాన్ని తీసుకెళ్ళి రెగ్యులేటర్‌కి ఎంత ఇవ్వాలో చెప్పే రెసిస్టర్ల మీద పూశాను. ముద్ర ఆ రెసిస్టర్ల మీదికి పాకినప్పుడల్లా, చిక్కటి మంచులో కరెంటు దాంట్లోంచి దొంగదారిన పారింది, రెగ్యులేటర్ తక్కువిచ్చింది. బెంచికి తెచ్చి పొయ్యి గూట్లో పెట్టినప్పుడల్లా ముద్ర ఎండిపోయి మళ్ళీ మూడు పాయింట్ మూడు. సాక్ష్యాన్ని ప్రతిసారీ నేనే నా చేత్తో ఎండబెట్టాను.

కత్తి మొనతో ముద్ర గీకాను. పూర్తిగా ఊడలేదు. గవరయ్య నడుముకి సారా బుడ్డి ఉంటుంది. లక్క సారాలో కరుగుతుంది. బుడ్డి అడిగాను, పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాడి నడుముకున్న బుడ్డి లాక్కుని సారా పోసి, పైట చెంగుతో తుడిచాను, మళ్ళీ పోసి మళ్ళీ తుడిచాను. ఎవడో నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. చేతిలో ఉన్న కత్తి వాడి మెడలో దింపాను. వాడు నా మీదే పడ్డాడు. వాడి బరువు కిందనుంచే చెయ్యి చాపి మీటర్ పెట్టాను. మూడు పాయింట్ మూడు.

తుపాకి లేచింది. ఆ తర్వాత జరిగింది నిన్నటిలాంటిదే, ఇంకా ఎక్కువ.

నమోదు 614, మిగతా

మధ్యాహ్నానికి మంచు విడిచింది. జనమంతా పై డెక్కు మీద చేరారు. పోలినాయుణ్ణి దిమ్మ దగ్గరికి ఈడ్చుకొచ్చారు. నేను ముందే జగ్గప్పని పక్కకి పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా చెప్పాడు.

“నాంచారమ్మా, ఇది నీ కడుపులోనే ఉంచుకో. రేపట్నించీ ముద్రలు మానేద్దుం. జనానికి ఈ పూట ఒక సెయ్యి కావాల. ఆడెలాగూ సగం సచ్చున్నాడు. నువ్వు పోతే ఈ గట్టుకి బెంచి లేదు.”

ఒక్క క్షణం ఆ మాట నాకు తియ్యగా తగిలింది. రాయకపోతే ఎవరికీ తెలీదు గనక రాస్తున్నాను. ఒక్క క్షణం సరేననుకున్నాను. అంతలో నా కళ్ళు పోలినాయుడి మీద పడ్డాయి. తన చేతుల కేసి చూసుకుంటున్నాడు. ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ దిమ్మ మీద పెట్టి వేళ్ళు మెల్లగా ఆడించుకుంటున్నాడు, అవి ఇంకా ఉన్నాయా అని చూసుకుంటున్నట్టు. పైడితల్లి కూడా ఆ రోజు సరిగ్గా అలాగే చేసింది.

ఇంక నా వల్ల కాలేదు. దిమ్మ దగ్గరికెళ్ళి వాడి చేతులు పక్కకి నెట్టేశాను. నా కుడిచెయ్యి పెట్టాను. నల్లపొడి సంగతి, పొయ్యి గూటి సంగతి, సింహాద్రి సంగతి, నా చెల్లి సంగతి అందరికీ వినబడేలా చెప్పాను. మొన్నటి ఏడుగురూ, గవరయ్యా కూడా నా ముద్ర కిందే పోయారని చెప్పాను. రాళ్ళు పడ్డాయి. ఒకటి కణతకి తగిలింది. కడుపుతో పోయినామె మొగుడు వచ్చి మొహాన ఉమ్మి, కడుపులో తన్నాడు. నేను దిమ్మ వదల్లేదు. నరకండి, త్వరగా నరకండి అన్నాను. నరికితే తేలిపోతుందనిపించింది. నా లెక్క చెల్లిపోయి హాయిగా ఏడవొచ్చనిపించింది.

గొడ్డలివాడు జగ్గప్ప కేసి చూశాడు. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళలో బతికున్నది పైడితల్లి ఒక్కత్తే గనక మాట అదే చెప్పాలన్నాడు జగ్గప్ప. జనం దారిచ్చారు. అది వచ్చి నా ఎదురుగా నిలబడింది. పదకొండు నెలల తర్వాత దాని గొంతు విన్నాను.

“నీ సెయ్యి నరికితే నాది మొలుత్తాదేటి? ఆ దిమ్మ మీంచి తియ్యి. ఆ సెయ్యి నాక్కావాల.”

గొడ్డలివాడు గొడ్డలి దించాడు. అది ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. నేను ఆ రోజు పట్టుకున్నంత గట్టిగానూ పట్టుకుని, మెట్ల మీంచి లాక్కుంటూ బెంచి దగ్గరికి తీసుకొచ్చింది. నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది. తను సైకిలెక్కి తొక్కడం మొదలుపెట్టింది. టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. బాగా కాలిందాకా తొక్కి, దిగి, ఐరన్ ఎడమచేత్తో అందుకుంది.

బొటనవేలు బల్ల మీద పెట్టమంది. పెట్టాను.

ఒక్కో గీతనీ కాల్చింది. తొందరపడలేదు. అది చెయ్యి తిరిగిన పనిమంతురాలు, ఎడమచేత్తోనైనా గీత తప్పలేదు. చర్మం చిటపటమని, పొగ లేచి, వేలు కొస మొత్తం నున్నగా అయ్యేదాకా ఆపలేదు. నేను అరిచిన అరుపులు పై డెక్కుదాకా వినబడ్డాయని పోలినాయుడు తర్వాత చెప్పాడు. మధ్యలో దాని కళ్ళలోంచి నీళ్ళు నా చేతి మీద పడ్డాయి. అయినా ఆపలేదు.

అయ్యాక ఐరన్ తుడిచి నా చేతికిచ్చింది. నా కత్తి గీకుడికి కాలు వదులైన రెగ్యులేటర్ బదులు కొత్తది తీసి, గోడ మీంచి దించి తెచ్చిన బోర్డు మీద అది కూర్చునే చోట తన మొండి చేత్తో నొక్కిపట్టింది.

“ఈ సెయ్యింక నాది. నాను సెప్పిన కాడ టంకం పెట్టు,” అంది.

పెట్టాను.

నమోదు 615

ఈ పుస్తకంలో పాత పేజీలు తిరగేసి, ‘తప్పు ఎవరిది’ అన్న చోట సింహాద్రి పేరు కొట్టేశాను, పైడితల్లి పేరు కొట్టేశాను, పోలినాయుడి పేరు కొట్టేశాను. మూడు చోట్లా నాంచారి అని రాశాను. పోలినాయుడు లక్క గిన్నె సముద్రంలో పారేశాడు. ఆ చిట్లిన పెదవితోనే కాస్త నవ్వాడు. గవరయ్యని పొద్దున నీళ్ళలో వదిలాం. సారా బుడ్డి వాడి నడుముకే కట్టి పంపాను.

చెల్లీ నేనూ గోడ ఎక్కాం. మంచు దట్టంగా పట్టింది. బోర్డు ఆరబెట్టలేదు. పైడితల్లి పెట్టె మూత పట్టుకుంది, నేను మీటర్ పెట్టాను. మూడు పాయింట్ మూడు.

నమోదు కింద బెంచి పెద్ద వేలిముద్ర వెయ్యాలి గనక సిరాలో ముంచి ఒత్తాను. గుండ్రటి మరక పడింది. గీతలేమీ లేవు.